బంజరు అను మాట

ఖరగపూరు రైల్వే పట్టణమున ఝపటాపూర్ అను పేట కలదు. పంతొమ్మిదవ శతాబ్దము ముగియు వేళ బెంగాల్ నాగపూర్ రైల్వే ఇచ్చట జంక్షను నెలకొల్పెను. అటుపిమ్మట శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి రైల్వే పనులకై వచ్చిన తెలుగు కుటుంబములు ఈ పట్టణపు పేటలలో స్థిరపడినవి. వారి కాళ్ళక్రింది నేల ఎర్రని మొరము నేల. వంగదేశమనగానే మనస్సున మెదలు వరిచేల పచ్చదనము ఇచ్చట కానరాదు. వాన లెక్కను బట్టి ఇది ఎడారి కాదు. ఏటా పదిహేను వందల మిల్లీమీటర్లకు అటుఇటుగా కురియును. అనంతపురము జిల్లాకు దక్కునది అందులో మూడవవంతు కన్న కొంచెము మాత్రమే ఎక్కువ. కాని మొరము నేల నీటిని పట్టి ఉంచదు. కురిసినది కురిసినట్లే జారిపోవును. కార్తికము దాటినది మొదలు మరల జ్యేష్ఠము వరకు పైపొర గట్టిపడి పలుగునకు కూడ లొంగదు. ఆ నెలలలో రాయలసీమ రైతు ఎవరైన ఇచ్చట నిలుచున్నచో, తన ఊరి మెట్టపై నిలిచినట్లే తోచును.

వైశాఖమాసపు మధ్యాహ్నమున ఆ మెట్టను చూచువానికి ఎండిన గడ్డి, రెండు మూడు చెదపుట్టలు, ఒక తొండ తప్ప ఏమియు కనబడదు. ‘ఇక్కడ ఏమియు లేదు’ అని అతడు తీర్మానించినచో తప్పుపట్టలేము. కాని మొదటి పెద్దవాన కురిసిన రాత్రి అతడు అదే చోటికి మరల రావలెను. గుంట గుంటకు కప్పల అరుపు మిన్నుముట్టుచుండును. ఆ కప్పలు వానతోబాటు ఆకాశము నుండి పడినవి కావు. పట్టపగలు అతడు నిలిచి తీర్మానము చేసిన చోటనే, అతని పాదముల క్రింద, జానెడో మూరెడో లోతున, అవి అప్పుడును ఉన్నవి.

మట్టిలో దాగు ఈ కప్పకు వెనుక పాదమున పారవంటి గట్టి బుడిపె ఉండును. అది వెనుక కాళ్ళతోనే త్రవ్వుచు, వెనుకకు వెనుకకు జరుగుచు నేలలోనికి దిగును. చూచుచుండగనే ముఖము మాత్రము మిగిలి, పిమ్మట అదియు మాయమగును. లోపల మట్టిలోని తేమను చర్మముతోనే పీల్చుకొనును. మూత్రాశయమున నీటిని నిలువచేసికొని, శరీరపు పనులన్నియు మందగింపజేసి, తిండి లేక నెలలు గడపును. ఆస్ట్రేలియా ఎడారిలోని ఒక కప్ప తాను విడిచిన చర్మపు పొరలతోనే తనచుట్టు గూడు అల్లుకొనును. నీరు దొరకని వేళ అచ్చటి ఆదివాసులు దానిని త్రవ్వి తీసి, మెల్లగా పిండి, దాహము తీర్చుకొనెడివారు.

పాము, తొండ పట్టిన మార్గము వేరు. పొలుసుల చర్మము లోని నీటిని బయటికి పోనీయదు. వాటి విసర్జనము దాదాపు గట్టిగా తెల్లని ముద్దవలె ఉండుటచే నీరు వ్యర్థము కాదు. ఒంటి వేడికి అవి ఎండపై ఆధారపడును. కనుక అదే బరువుగల ఎలుకకు కావలసిన తిండిలో స్వల్పభాగముతో బ్రతుకగలవు.

ఋగ్వేదము ఏడవ మండలమున కప్పలను గూర్చిన సూక్తమొకటి కలదు. ఏడాది పొడుగున మౌనముగా పడియుండి వానతో గొంతువిప్పు కప్పలను అందు వ్రతము పూనిన బ్రాహ్మణులతో పోల్చిరి. అది స్తుతియా, పరిహాసమా అని పండితులు వాదించుకొనిరి. ఆ వాదముతో ఇక్కడ పనిలేదు. కప్ప కనబడని నెలలలో కూడ కప్ప ఉన్నదని ఆ ఋషి ఎరుగును. వానలు ముఖము చాటుచేసిన ఏట రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింట నీళ్ళు పోయించు తెలుగు పల్లెపిల్లలకును ఆ సంగతి తెలిసియే ఉండెను. కట్టబడిన కప్పకు ఆ ఊరేగింపు సుఖమని చెప్పుటకు వీలులేదు గాని, వానకును దానికిని గల చుట్టరికమును మాత్రము ఊరు మరువలేదు.

దస్తరముల భాష పుట్టిన పిదప ఈ ఎరుక సన్నగిల్లినది. బంజరు అను మాట హిందీకిని తెలుగునకును ఉమ్మడి సొత్తు. వంగభాషలో సాగులేని నేలను ‘పతిత’ భూమి అందురు. ఆ నేల ఏ పాపము చేసి పతితమైనదో ఎవరును అడుగరు. తెలుగుదేశపు రెవిన్యూ లెక్కలలో పన్నుకు వెలుపలనున్నది పోరంబోకు. పశువులు మేయు బయలు, చెరువుగట్టు, శ్మశానము, బాట, ఇవి అందులోనివే. అనగా ఊరందరి సొత్తు. ఆ మాటయే తెలుగున మనిషిని తిట్టు తిట్టుగా మారినది. ఖజానాకు రొక్కము ఈయని నేల పనికిమాలినదైనట్లే, ఎవరి లెక్కలోను లేని మనిషియు పనికిమాలినవాడైనాడు. నేలను పిలిచిన పేరు అందు నివసించువారికిని అంటుకొనును.

కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రముతో కలిసి 2019లో బంజరు భూముల అట్లాసును వెలువరించినది. దాని ప్రకారము దేశమున 5 కోట్ల 57 లక్షల హెక్టార్లు, అనగా దేశవైశాల్యమున సుమారు 17 శాతము, బంజరు. ఆ గ్రంథము శ్రద్ధతో చేసిన పని. పొదలున్న నేలను, రాతినేలను, చవుటినేలను, ఇసుక దిబ్బలను అది వేర్వేరుగా గుర్తించినది. ఉపగ్రహపు కన్ను చూచినది చూచినట్లే చెప్పినది. ఐనను ఆ కన్ను జానెడు మట్టి క్రిందికి చూడజాలదు. చూడజాలనిది లేదని అది ఎన్నడును అనలేదు. ఆ మాట అన్నవారు పటమును చేతబట్టుకొన్నవారు.

మన పూర్వులు ఈ చిక్కును చక్కగా విప్పిరి. భాట్ట మీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధిని ఒక ప్రమాణముగా అంగీకరించిరి. నేలపై కుండ కనబడనిచో, కుండ లేదని తెలియును. కాని దానికి వారొక షరతు విధించిరి. ఆ వస్తువు అచ్చట ఉన్నచో కనబడదగినదై ఉండవలెను. అప్పుడే కనబడకపోవుట లేమికి సాక్ష్యము. చీకటిగదిలో కుండ కనబడలేదని కుండ లేదనుట చెల్లదు. దీనినే యోగ్యానుపలబ్ధి యనిరి. మట్టిలోని కప్ప వైశాఖమున కనబడదగినది కాదు. కనుక వైశాఖమున కొలిచి ‘ఖాళీ’ యని వ్రాసిన వ్రాతకు ప్రమాణబలము లేదు. ఇది తర్కదోషము మాత్రమే ఐనచో నవ్వి ఊరకుండవచ్చును. కాని ఆ వ్రాత వెంట యంత్రములు వచ్చును.

పాముల విషయమున తెలుగువారికొక వింత సంబంధము కలదు. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లాండు వైద్యుడు కొన్ని సంవత్సరములు విశాఖపట్టణమున ఉండి, స్థానికులు తెచ్చి ఇచ్చిన పాములను పరీక్షించి, వారు చెప్పిన తెలుగు పేర్లతోనే వాటిని నమోదు చేసెను. 1796లో అచ్చైన అతని గ్రంథమున కాటుక రేకుల పొడ ఉన్నది. రక్తపింజరియని పిలువబడు ఆ పామునకే నేడు శాస్త్రమున రస్సెల్ పేరు నిలిచినది. పసుపు నలుపు పట్టెల పామును అతడు బంగారు పాము అని వ్రాసికొనెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాన్ 1803లో ఆ మాటనే తీసికొని ఒక ప్రజాతికి బంగారస్ అను నామము పెట్టెను. లోకమునందలి శాస్త్రగ్రంథములన్నిట ఆ తెలుగు మాట నేటికిని చెల్లుచున్నది. ఉత్తరాంధ్ర తీరము నుండి కూలికై ఖరగపూరు చేరినవారికి ఎదురైన పాములలో ఆ పట్టెల పామును ఒకటి. వంగదేశీయులు దానిని శాంఖాముటి అందురు.

ఆ పాము మనిషిని కరచుట మిక్కిలి అరుదు. ఇతర సర్పములను, వానిలో విషసర్పములను గూడ, అది తినును. కనుక దానిని చంపరాదని చెప్పుట సులభము. ప్రచారకులు చెప్పుచునే ఉన్నారు. ఆ ఉపదేశము మంచిదే గాని, దానిలోని వాదము బలహీనమైనది. ఉపకారమును చూపి ప్రాణరక్షణ అడుగుట కౌలుపత్రమువంటిది. ఉపకారము తీరిననాడు గడువు తీరును. పాములను తినుటచే ఆ పాము యోగ్యమైనచో, అది తిను కాటుక రేకుల పొడకు సిఫారసు ఎవరు చేయుదురు? ఎలుకలను తినునని దానికిని ఒక సిఫారసు వ్రాయవచ్చును. అప్పుడు ఎలుక సంగతి ఏమి? ఈ వరుస ఎక్కడనో ఒకచోట ఎవరికిని ఉపకరింపని ప్రాణి దగ్గర ఆగును. ప్రశ్న నిజముగా మొదలగునది అక్కడ.

ఐతే, ఆ ప్రశ్నను అడుగు అధికారము ఎవరికి కలదు? పట్టెల పాము పుట్టిన బంగారస్ ప్రజాతిలోనిదే కట్లపాము. రాత్రివేళ తిరుగును, నేలపై పరుండినవారి ప్రక్కలోనికి వచ్చును, దాని కాటు పెద్దగా నొప్పి పుట్టింపదు. తెల్లవారుసరికి కడుపునొప్పియనియో, కనురెప్పలు వాలుచున్నవనియో రోగి చెప్పును. అప్పటికి ఊపిరి కండరములు పట్టుదప్పుచుండును. 2000 నుండి 2019 వరకు మన దేశమున 12 లక్షల మంది, అనగా ఏటా సగటున 58 వేల మంది, పాముకాటుచే మరణించిరని 2020లో వెలువడిన ఒక అధ్యయనము అంచనా వేసినది. చనిపోయినవారిలో అత్యధికులు పల్లెవాసులు. ఆ మరణములు దట్టముగానున్న రాష్ట్రములలో తెలుగు రాష్ట్రములును చేరియున్నవి. మేడపై మంచముమీద పరుండి సర్పకారుణ్యమును బోధించువాడు ఈ లెక్కను ముందు తలకెక్కించుకొనవలెను. కూలివాని గుడిసెలో దూరిన పామును అతడు కర్రతో కొట్టినపుడు, అతని తప్పు వెదకుట నీతి కాదు. భయము అతనిది, బిడ్డ అతనిది. కరుణ మాత్రము ఇతరులది.

కనుక కర్తవ్యమునకొక క్రమము కలదు. మొదట దోమతెర, దీపము, నేలకు ఎత్తుగా ఒక నులకమంచము. సమీపపు ఆసుపత్రిలో విషహరమగు సూదిమందు, శ్వాసయంత్రము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యమునకు గురియైన వ్యాధుల జాబితాలో చేర్చినది. 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని భారత ప్రభుత్వము 2024లో కార్యప్రణాళికను ప్రకటించినది. దోమతెర క్రింద నిద్రించువాడు మరునాడు తోటలోని పామును పోనిచ్చుటకు కొంత వెసులుబాటు కలిగియుండును. ఆ వెసులుబాటు కల్పింపక అతనినుండి దయను వసూలు చేయబూనుట, లేనివానిపై పన్ను వేయుట వంటిది.

పూజయు ఈ పనిని చేయలేదు. తెలుగువారు నాగులచవితికి పుట్టలో పాలు పోయుదురు, వంగదేశీయులు మనసాదేవిని కొలుతురు. పాలు పాముకు ఆహారము కాదు; ఆ సంగతి అటుంచినను, పూజ అందుకొను పుట్ట ఒకటి, ఇంటి స్థలము చదును చేయునపుడు గునపము దెబ్బ తిను పుట్టలు పది. శాస్త్రీయసంగీతపు కచేరీలలో మ్రోగు కంజీరకు ఒకప్పుడు ఉడుము చర్మమే మూయుచుండిరి. చట్టము ఉడుమును అత్యున్నత రక్షణగల మొదటి షెడ్యూలున చేర్చిన తరువాత మేకచర్మమును, కృత్రిమపు పొరను వాడుచున్నారు. నాదము తగ్గినదని వాపోవు విద్వాంసులున్నచో వారి బాధ అర్థముకానిది కాదు. పశ్చిమ మేదినీపుర్ సాలవనములలో వేసవి వేళ జరుగు వేటపండుగలు ఇటీవలి సంవత్సరములలో కలకత్తా హైకోర్టు దృష్టికి వచ్చినవి. అది అవసరమే. కాని ఆదివాసి చేతి బల్లెమును చూచి ఉలికిపడు నాగరికుడు, మెట్టనంతటిని ఒక్క వారములో దొలిచివేయు యంత్రమును చూచి ఏల ఉలికిపడడో ఆలోచింపదగినది. బల్లెమునకు చచ్చిన ఉడుము కంటికి కనబడును. యంత్రము క్రింద నలిగిన కప్పకు శవము కూడ దొరకదు.

2022లో వెలువడిన ప్రపంచ సరీసృపముల పరిశీలన ఒక ఊరటను చెప్పినది: అడవులలోని జాతులలో సుమారు 30 శాతము ముప్పులో నుండగా, శుష్కప్రదేశపు జాతులలో అది సుమారు 14 శాతము. ఇంతకాలము ఆ నేల ఎవరికిని అక్కరలేకుండుటయే వాటికి కొంత రక్షణ అయి ఉండును. ఆ రోజులు మారుచున్నవి. కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతమున 2017లో పూర్తియైన సౌరవిద్యుత్ కేంద్రము సుమారు 6 వేల ఎకరములలో వేయి మెగావాట్ల శక్తిని ఉత్పత్తి చేయుటకై నెలకొన్నది. దానిని దుష్కార్యమనుట సాధ్యము కాదు. బొగ్గు పొగను తగ్గించు పని అది. వేడెక్కుచున్న లోకమున కప్పకును దానివలన మేలే. మంచికిని చెడుకును మధ్య ఎన్నుకొనుట నీతిశాస్త్రమున తొలి పాఠము మాత్రమే. ఇక్కడ రెండు మంచులు ఎదురెదురుగా నిలిచినవి. పలకలు నాటవలసినదే కావచ్చును. కాని నాటుటకు ముందు ఒక వానకాలము పాటు ఆ నేల ప్రక్కన కూర్చుండి, రాత్రివేళ చెవియొగ్గి వినుట, ఏవి ఉన్నవో వ్రాసికొనుట, వాన నిలుచు గుంటలను విడిచి తక్కిన చోట గుంజలు పాతుట అసాధ్యమైన పనులు కావు. అవి చేసిన పిదప కలిగిన నష్టము తెలిసి చేసిన నష్టమగును, దానికి బాధ్యుడు ఉండును. ‘బంజరు’ అను మాట ఆ బాధ్యుని ముందుగానే విడుదల చేయుచున్నది.

ఖరగపూరు చుట్టుపట్ల మొరమును త్రవ్వి రోడ్లకును ఇండ్ల పునాదులకును తరలింతురు. మెట్ట తరుగుచున్నది. లారీ చక్రములు దిగబడిన చోట్ల మూరెడు వెడల్పున జాడలు పడును. తొలకరి నీరు ముందుగా నిలుచునది అందులోనే. కప్పలు అందు గ్రుడ్లు పెట్టును. నీరు ఆవిరియగులోపల తోకకప్పలకు కాళ్ళు మొలువవలెను. మేఘము మరల వచ్చినచో కొన్ని గట్టెక్కి మట్టిలోనికి దిగును. రానిచో జాడ అడుగున నల్లని పొర ఎండియుండును. ఈలోపల లారీ అదే జాడలో మరల వచ్చుటయు కలదు.