తెగిపోవడమే దాని పని

ఆగిపోయిన వస్తువుని మళ్లీ నడిపించడమూ, బాగుచేయడమూ ఒకటేనా? రోజువారీ మాటల్లో ఒకటే. మెకానిక్ దగ్గరికెళ్లి "నడిస్తే చాలన్నా" అంటాం. నడిచాక, అసలెందుకు ఆగింది అని అడగం. ఈ తేడా పెద్దగా పట్టించుకోవాల్సిందేనా అని నేను తీరిగ్గా ఆలోచించింది అమెరికాలో, మా ఇంటి గ్యాస్ డ్రయ్యర్ వెనక కూర్చుని.

గ్యాస్ డ్రయ్యర్ అంటే ఏంటని దేవనకొండలో ఎవరైనా అడిగితే చెప్పడం కష్టమే. మా వైపు మిద్దె మీద తాడు కడితే చాలు, ఎండాకాలం దుప్పటైనా పూట గడవకముందే ఆరిపోతుంది. ఇక్కడ చాలా కాలనీల్లో ఇళ్ల సంఘాలు బట్టల తాడు బయటికి కనబడకూడదని నిబంధన పెట్టుకుంటాయి. అంచేత ఆ ఎండ పని గ్యాసుతో చేయించుకుంటాం. మోటారు డ్రమ్ముని తిప్పుతుంది. కింద ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది. పక్కనున్న సెన్సర్ ఆ వేడిని గుర్తుపట్టాకే గ్యాస్ వాల్వు తెరుచుకుని మంట అంటుకుంటుంది. ఫ్యాను ఆ వేడిగాలిని బట్టల్లోంచి లాగి, గొట్టం గుండా ఇంటి బయటికి తోస్తుంది. వేడి హద్దు దాటకుండా థర్మోస్టాట్ మంటని ఆపుతూ, వెలిగిస్తూ ఉంటుంది. అదీ చేతులెత్తేస్తే చివరి కాపలా థర్మల్ ఫ్యూజు. మితిమీరి వేడెక్కితే అది ఒక్కసారే తెగుతుంది. మళ్లీ అతుక్కోదు.

మా డ్రయ్యర్‌లో డ్రమ్ము తిరుగుతోంది, వేడి లేదు. ఇలాంటప్పుడు ఈ వరసనే వెనక్కి చదువుకుంటూ పోవాలి. ఇగ్నైటర్ ఎర్రబడి, ఆరిపోయి, మంట మాత్రం రాకపోతే అనుమానం వాల్వు కాయిల్స్ మీద. అసలు ఎర్రబడకపోతే ఇగ్నైటరో, సెన్సరో, ఫ్యూజో. మాది ఎర్రబడలేదు. ప్లగ్గు తీసి, గ్యాస్ కట్టేసి, మల్టీమీటర్ పెట్టి చూస్తే ఫ్యూజు తెగి ఉంది. బొటనవేలంత ముక్క. కొన్ని డాలర్లు.

ఆ ఫ్యూజుకి అటూ ఇటూ ఉన్న రెండు వైర్లని కలిపేస్తే డ్రయ్యర్ వెంటనే నడుస్తుంది. ఎలా కలపాలో చూపించే వీడియోలు బోలెడు. లోపం ఎక్కడుందో తేల్చుకోడానికి ఒక్క నిమిషం అలా కలిపి చూసే మెకానిక్కుల సంగతి వేరు. కలిపేసి అలాగే వదిలేసేవాళ్ల గురించి నేనంటున్నది. ఫ్యూజు ఊరికే తెగదు. ఎక్కువసార్లు కారణం, బట్టల నుంచి రాలే దూదిపీచు పేరుకుని గాలిగొట్టం మూసుకుపోవడమే. మా గొట్టం వంపులో పిడికిలి పట్టేంత పీచు దొరికింది. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ 2008–2010 లెక్కల్లో, ఇళ్లలో డ్రయ్యర్ల వల్ల ఏడాదికి సుమారు 2,900 అగ్నిప్రమాదాలు. వాటిలో 34 శాతానికి కారణం శుభ్రం చేయకపోవడం. గ్యాస్ డ్రయ్యర్‌కైతే గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకొచ్చే ప్రమాదం అదనం. "ఫ్యూజు పోయింది" అని మనం అంటాం గానీ, అది చేయాల్సిన పని చేసింది. తెగిపోవడమే దాని పని.

ఫ్రెంచ్ ఆలోచనాపరుడు బ్రూనో లతూర్ 1992లో రాసిన ఒక వ్యాసంలో, మనుషులు తాము పాటించాల్సిన నీతిని వస్తువులకి అప్పజెబుతారంటాడు. సీటుబెల్టు పెట్టుకోకపోతే మోగే అలారం అందుకు ఆయన చూపిన ఉదాహరణల్లో ఒకటి. ఆ లెక్కన ఫ్యూజు కూడా ఎవరో ముక్కూమొహం తెలియని ఇంజినీరు నా తరఫున ముందే తీసుకున్న నిర్ణయం. దాన్ని పక్కకి తప్పిస్తే ఆ నిర్ణయం నేనొక్కణ్నే మార్చినట్టు. పైగదిలో నిద్రపోతున్నవాళ్లని అడిగి మార్చింది కాదు. మా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇది రోజూ చూసేదే: రాత్రిళ్లు విసిగించే అలర్ట్‌ని మ్యూట్ చేసేస్తే సర్వర్ బాగైనట్టు కనిపిస్తుంది.

ఇక్కడితో ఆపేస్తే ఇది తేలికైన నీతిపాఠం. కానీ దేవనకొండ చుట్టుపక్కల పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఫీజుపెట్టె తెరిచి చూసినవాళ్లకి అంత తేలిగ్గా మింగుడుపడదు. ఉండాల్సిన ఫీజు వైరు ఉండదు. మెలేసిన అల్యూమినియం తీగ ఉంటుంది. "లావు తీగ ఎయ్‌ప్పా, ఇంగ పోదు" అనేది అక్కడ అందరికీ తెలిసిన సలహా. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద బోరు మోటార్లు ఎక్కువైతే వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ తగ్గేకొద్దీ మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, ఫీజు ఎగిరిపోతుంది. లావు తీగ వేస్తే ఫీజు నిలుస్తుంది. కాలిపోయేది మోటారు వైండింగో, ట్రాన్స్‌ఫార్మరో.

ఈ సంగతి రైతుకి తెలియదనుకోవడం మన అమాయకత్వం. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితమే, కానీ రోజులో కొన్ని గంటలే. టమాటాకో ఉల్లికో నీళ్లు కట్టాల్సిన గంటల్లోనే ఫీజు పోతుంది. లైన్‌మ్యాన్ ఒక్కడు, ఊళ్లు నాలుగు. ఏబీ స్విచ్ తుప్పుపట్టి సరిగా పడదు. అయినా కట్టె పట్టుకుని రైతే వెళ్తాడు. అలా వెళ్లి షాక్ కొట్టి పోయిన రైతుల వార్తలు జిల్లా పేజీల్లో మనకి కొత్తకాదు.

చెస్టర్‌టన్ 1929లో రాసిన కంచె కథ ఇంజినీర్లకి బాగా ఇష్టం. దారికి అడ్డంగా ఉన్న కంచె ఎందుకుందో తెలుసుకోకుండా తీసేయొద్దంటాడాయన. మంచిమాటే. కానీ ఆ కంచె ఎందుకుందో తెలిసీ, ఆగలేని మనిషి గురించి అది ఏమీ చెప్పదు. కారణం వెతికే దాకా ఆగడమన్నది ఆగగలిగినవాళ్ల నీతి. నాకు కొత్త ఫ్యూజు రెండు రోజుల్లో వచ్చింది. ఆ రెండు రోజులూ బట్టలు కుర్చీల మీద ఆరాయి. నేను చెల్లించిన ఖరీదు అంతే. వైర్లు కలపకపోవడాన్ని నా గొప్పతనం కింద రాసుకోలేను.

అలాగని రైతు లావు తీగ ఒప్పైపోదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే కొత్తది వచ్చేదాకా దాని కింద ఉన్న పదిమంది పొలాలూ ఎండుతాయి. అది పక్కవాడి మీద పడే భారం, పక్కవాణ్ని అడగకుండా పెట్టింది. కాకపోతే తప్పులో వాటా ఒక్క తీగ వేసిన చేతిదే కాదు. ఆగడాన్ని అంత ఖరీదు చేసినవాళ్లదీ: చాలినన్ని ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టనివాళ్లది, తుప్పుపట్టిన స్విచ్‌ని అలాగే వదిలేసినవాళ్లది.

ఫీజు తెగినప్పుడల్లా అది ఎక్కడో భారం ఎక్కువైందని చెబుతుంది. ఆ మాట వినకుండా లావు తీగ వేసుకోవడం ఒక రకం మూర్ఖత్వం. భారం సంగతి ఎత్తకుండా "రైతులు ఫీజుల జోలికి వెళ్లరాదు" అని బోర్డు రాసి ఊరుకోవడం రెండో రకం. అదీ లావు తీగే, వేసిన చేయి వేరు.