చెవి ఎత్తి చూశారా?



శామీర్‌పేట చెరువు గట్టు. తెల్లవారుజాము. ఓ కుటుంబం తమ పెంపుడు కుక్క కాకర్ స్పానియల్‌ని నడకకు తెచ్చింది. కొంగ కనబడగానే అది గొలుసు లాగేసింది. తప్పు దానిది కాదు. పొదల్లో పిట్టల్ని లేపడానికే వేటగాళ్లు ఆ జాతిని పెంచారు. వుడ్‌కాక్ అనే పిట్ట వల్లే దానికి కాకర్ అనే పేరొచ్చింది. పరుగు దాని రక్తంలోనే ఉంది.

మేడ్చల్ వైపు అపార్ట్‌మెంట్లలో పిల్లలు దాన్ని చూసి మురిసిపోతారు. ఆ వేలాడే చెవులే అందం. అసలు పనీ ఆ చెవుల కిందే. అక్కడ గాలి ఆడదు. నీళ్లు తాగితే చెవులు గిన్నెలో మునుగుతాయి. వానాకాలం తేమ నిలిస్తే చీము పట్టవచ్చు. గడ్డిలో తిరిగొస్తే పిడుదులు పట్టవచ్చు.

అందుకే రోజూ చెవి ఎత్తి చూడాలి. తడిగా ఉంటే తుడవాలి. బొచ్చు దువ్వాలి. ఎండ ఎక్కకముందే నడిపించాలి.

ముద్దు చేయడం క్షణం. చెవి ఎత్తి చూడటం రోజూ.

మన ఇంటి మనుషుల సంగతీ అంతే. నవ్వు పైకి కనిపిస్తుంది. నొప్పి లోపల దాక్కుంటుంది. ఈరోజు ఒక్కరినైనా దగ్గర కూర్చుని ఎలా ఉన్నారో అడుగుదాం. ప్రేమంటే మురిసిపోవడం కాదు. రోజూ చెవి ఎత్తి చూడటం.