ప్రజాహితుని బలపరచుట – సాక్ష్యధర్మము

పంచాయతీ ఎన్నికలు సమీపించినపుడు గ్రామములలో జనులు పెద్దలయొద్దకు వచ్చి "ఈసారి ఎవరిని నిలుపుదము?" అని అడుగుట పరిపాటి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తులు లేకుండ జరుగును. అందుచేత అచట అభ్యర్థిని గూర్చి ఊరివారు చెప్పు మాటకు విలువ యెక్కువ. నిత్యము కోవెలకు వచ్చి తీర్థము స్వీకరించు గృహస్థు ఒకనిని చూపి "ఇతడు మంచివాడు" అన్నచో, పది యిండ్లవారు ఆ మాటను నమ్ముదురు. ఇంతమంది విశ్వాసమును మోయు ఆ మాటను దేనిని ఆధారము చేసికొని పలుకవలెను?

ఈ ప్రశ్నకు నేడు కొన్ని గ్రామములలో విపరీతమైన సమాధానము దొరకుచున్నది. రామాలయ నిర్మాణము ధనము లేక సగములో ఆగియుండును. పెద్దలు కూడి, ఆలయమునకు ఎక్కువ సొమ్ము ఇచ్చువానికే సర్పంచి పదవియని నిర్ణయింతురు. వేలము జరుగును. పాట పాడినవాడు నిలుచును, తక్కినవారు విరమింతురు. దానికి ఏకగ్రీవమని పేరు. "కలహము తప్పినది, సొమ్ము భగవంతునికే చేరినది. ఇందు దోషమేమి?" అని భక్తులు సైతము సమాధానపడుదురు.

ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. గ్రామములో శాంతి యుండుట మంచిదే. ఆలయము పూర్తియగుట అందరి కోరికయే. ఏకగ్రీవము స్వతః దోషము కాదు. శ్రీమద్రామాయణములో శ్రీరాముని యౌవరాజ్యమునకు అయోధ్యాసభ ఏకకంఠముతో సమ్మతించినది గదా!

అయితే ఆ సభలో తరువాత జరిగినది గమనింపదగినది. దశరథుడు సమ్మతి లభించెనని సంతోషించి ఊరకుండలేదు. తాను ధర్మముగా పాలించుచుండగనే తన కుమారుని ఏల కోరుచున్నారని సభ్యులను ప్రశ్నించెను. అనగా, బలపరచినవారినే పరీక్షించెను. వారు చెప్పిన కారణములు అయోధ్యాకాండము రెండవ సర్గలో కలవు. యుద్ధమునుండి మరలివచ్చునపుడు రాముడు పౌరులను స్వజనులవలె కుశలమడుగును. వారి బిడ్డలను, అగ్నులను, భార్యలను, సేవకులను, శిష్యులను గూర్చి విచారించును. ప్రజలకు ఆపద కలిగినపుడు మిక్కిలి దుఃఖించును. వారి ఉత్సవములలో తండ్రివలె ఆనందించును. ఇవన్నియు వారు కన్నులార చూచిన సంగతులు. రాముడు తమకేమి యిచ్చునో, ఏమి కట్టించునో యని వారు చెప్పలేదు. ఆపదలో తమతో ఎట్లుండెనో చెప్పిరి.

ఒకరిని బలపరచుట సాక్ష్యము పలుకుటయే. చూచినదానిని చెప్పుట సాక్షి ధర్మము. సొమ్ము పుచ్చుకొని చెప్పినచో, ఆ సొమ్ము తన యింటికి పోయినను, గుడికి పోయినను, సాక్ష్యము చెడినట్లే. సభలో అధర్మము జరిగినచో దాని పాపములో ఒక పాదము కర్తకును, ఒక పాదము సాక్షికిని, ఒకటి సభ్యులకును, ఒకటి రాజునకును చెందునని మనుధర్మశాస్త్రము విభజించినది. "నేను కేవలము ఒక మాట చెప్పితిని" అను వానికి దీనివలన తప్పించుకొను దారి లేదు.

ఇక వేలములో వచ్చిన సొమ్ము దానమగునా? ప్రత్యుపకారమును కోరి యిచ్చునది రాజసదానమని గీతాచార్యుడు పదునేడవ అధ్యాయములో నిర్ణయించెను. పోటీనుండి విరమింపజేయుటకు ప్రతిఫలమిచ్చుటను దేశపు చట్టము కూడ లంచముగనే పరిగణించును. పాట పాడినవాడు ఆ సొమ్మును త్రాగునీటి పనిలోనో, వీధి దారిలోనో మరల రాబట్టుకొనదలచినచో, ఆలయ శిఖరపు వెల ఊరి దాహము తీర్చవలసిన కుళాయి చెల్లించును. పాడుటకు ధనము లేని సజ్జనుడు మొదటనే తొలగిపోవును. ఓటు వేయవలసిన కూలివాని అభిప్రాయమును అడిగినవారే యుండరు.

కాంచీపుర వరదరాజస్వామిని సేవించు యాత్రికులు ఆ మండలములోని ఉత్తరమేరూరు వైకుంఠపెరుమాళ్ కోవెలను తప్పక చూడవలెను. మొదటి పరాంతక చోళుని కాలమున, క్రీ.శ. 919, 921 సంవత్సరములలో, గ్రామసభకు సభ్యులను ఎన్నుకొను నియమములను అచట శిలపై చెక్కించిరి. అది బ్రాహ్మణ అగ్రహారము. భూమి, వేదాధ్యయనము మున్నగు నాటి యోగ్యతలు వయోజనులందరికి ఓటు గల ఈ కాలమునకు వర్తింపవు. కాని రెండు విషయములు నేటికిని గ్రహింపదగినవి. పూర్వము పదవిలో నుండి లెక్కలు అప్పగింపని వానిని మాత్రమే గాక, వాని బంధువులను కూడ పోటీనుండి తొలగించిరి. తాటాకులపై వ్రాసిన పేర్లను కుండలో నుంచి, ఏమియు నెరుగని బాలునిచేత తీయించిరి. ఆ ఆకును పుచ్చుకొనువాడు అయిదు వ్రేళ్లు చాచి, తెరచిన అరచేతితో అందుకొనవలెనని విధించిరి. దేవుని సన్నిధిలో గ్రామాధికారమును గూర్చి పెద్దలు వ్రాయించినది లెక్కను, తెరచిన చేతిని!

కనుక ప్రజాహితుని బలపరుపదలచిన ఆస్తికుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఇతడు ఇంతకుముందు చేపట్టిన పనికి లెక్క చెప్పెనా? వరద వచ్చినపుడు, చావు జరిగినపుడు ఎవరి వాకిట నిలిచెను? తన కులము కాని వాడకు కూడ పోయెనా? ఇందులో తాను చూచినదెంత, విన్నదెంత? ఆ అభ్యర్థి స్త్రీయైనను, నిరుపేదయైనను ప్రశ్నలు ఇవియే. సమాధానము దొరకనిచో మౌనమే ధర్మము. దొరకినచో భయపడక చెప్పవలెను. తెలిసియు పలుకకుండుట సత్పురుషునికి అన్యాయము చేయుటయగును. అయితే ఆ మాట తన పేరుననే చెప్పవలెను గాని దేవుని పేరున చెప్పరాదు. అర్చకుడు శఠారిని వచ్చిన ప్రతి శిరస్సుపైనను ఉంచును. ఓటు అడుగవచ్చినవారిలో ఒకరికి ఉంచి మరొకరికి మానడు. ఆ సమత్వము ఆలయమునకు ప్రాణము.

ఎన్నిక ముగిసినంతనే సాక్షి బాధ్యత ముగియదు. రాముని కోరిన పౌరులు అతడు వనమునకు బయలుదేరినపుడు ఇండ్లలో కూర్చుండక తమసాతీరము వరకు వెంట నడచిరి. అట్లే, తాను మంచివాడని చెప్పినవాడు అయిదేండ్లు మంచివాడుగ నుండునట్లు చూచుటయు చెప్పినవాని పనియే. గ్రామసభ జరుగునాడు ముందు వరుసలో కూర్చుండి, "నాయనా, లెక్క చదువుము" అని అందరికంటె ముందుగ అడుగవలసినవాడు అతడే. ఆలయ శిఖరమా, భక్తులు నిష్కామముగ ఇచ్చిన రూపాయి రూపాయితో నెమ్మదిగా లేచును. ఆలస్యమైనను స్వామి నిరీక్షించును.