విలుకాడైన చిన్నవాడు



కళాశాలలు తెరచు కాలము వచ్చినది. మన యౌవనస్థులు పలువురు పెట్టె సర్దుకొని పట్టణములకు పోవుచున్నారు. వారిలో ఒకడు నల్లమలలోని చెంచు పెంటలో పుట్టినవాడు. ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇంటరు ముగించి, హైదరాబాదులో డిగ్రీకి చేరబోవుచున్నాడు. అతని ఇంటిలో ఇంతదూరము చదువునకు పోవువాడు ఇతడే మొదటివాడు.

అతడు మంచి విలుకాడు. వెదురు విల్లు వంచి నారి తగిలించుట, అడుగుజాడ చూచి జంతువును గుర్తుపట్టుట, గాలికి ఎదురుగా నడచుట, ఇవన్నియు తాతవద్ద నేర్చెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను గనుక అతడు తాతవలె వేటమీద బ్రదుకువాడు కాడు. అయినను వేటగాని కన్ను, వేటగాని ఓర్పు అతనికి అబ్బినవి. తేనెకును దుంపలకును అడవికి పోవునప్పుడు ఆ విద్యయే అతనికి అక్కరకు వచ్చుచున్నది.

అతనిగూర్చి మనలో కొందరు అనిన మాట ఒకటి మా చెవిని పడినది. “ఇకనైనను అడవి వదలి మనిషి కాబోవుచున్నాడు” అనిరి. సంతోషముతోనే అనిరి. అతని తల్లియు ఆ మాట వినెను. ఏమియు అనక పోయెను. ఆ మాట నిజమేనా అని మనము వాక్యమును అడుగవలసియున్నది.

ఆదికాండము 21వ అధ్యాయములో హాగరు తన కుమారునితో ఇల్లు విడిచి పోయిన సంగతి మనకు తెలిసినదే. తిత్తిలోని నీళ్లు అయిపోయినవి. బిడ్డ చావు చూడలేక తల్లి వానిని పొదక్రింద విడిచి, దూరముగా కూర్చుండి ఏడ్చెను. దేవుడు ఆ చిన్నవాని మొర వినెను, ఆమె కన్నులు తెరచి నీళ్లబావి చూపెను. ఇంతవరకు మనము ఆదివార పాఠశాలలో అనేక పర్యాయములు చెప్పుకొన్నాము. దాని తరువాతి వచనముమీద మాత్రము మనము నిలువము. దేవుడు ఆ చిన్నవానికి తోడుగా నుండెననియు, అతడు అరణ్యములో పెరిగి విలుకాడాయెననియు 20వ వచనము తెలుపుచున్నది. (అక్కడి అరణ్యము మన నల్లమలవంటి పచ్చని అడవి కాదు, నీరులేని ఎడారి.) దేవుడు తోడుండుటయు, అతడు విల్లు నేర్చుటయు ఒక్క వచనములోనే వ్రాయబడినవి. అతడు విల్లు విడిచిన తరువాత దేవుడు అతనికి తోడాయెనని అక్కడ లేదు. ఇష్మాయేలు ఎవరి పాఠశాలకును పోలేదు. దేవుడే ఆ ఎడారికి పోయెను.

కాబట్టి మన చిన్నవాడు దేవుడులేని చోటనుండి దేవుడున్న చోటికి పోవుచున్నాడని ఎవరును తలంచకూడదు. బస్సు ఎక్కకముందే అతడు మనిషి. తాత అతనికి నేర్పినది విద్యయే.

ఇందుకు హెబ్రీ భాషలోనే ఒక సాక్ష్యమున్నది. బాణము వేయువానికిని, బోధించు గురువునకును ఆ భాషలో ‘మోరె’ అను ఒకే మాట కలదు. 1 సమూయేలు 31:3లో సౌలును తరిమిన విలుకాండ్రకు వాడబడిన మాటయు, యెషయా 30:20లో బోధకునికి వాడబడిన మాటయు అదియే. పాపము చేయుట అను మాటకు మూలమైన క్రియ న్యాయాధిపతులు 20:16లో గురి తప్పుట అను అర్థముతో వచ్చుచున్నది. అక్కడ ఎడమచేతి వాటముగల 700 మంది వడిసెలవారు తలవెండ్రుకనైనను తప్పక కొట్టగలవారని చెప్పబడినది. ఈ సంగతులు మనకు పండితులు చెప్పవలసివచ్చినది. విల్లు పట్టినవానికి సగము ముందే తెలిసియుండును. గురి తప్పినయెడల విలుకాడు చెట్టును నిందింపడు, బాణము ఏ ప్రక్కకు పోయెనో చూచి తన చేతిని దిద్దుకొనును. పరీక్షలో తప్పినప్పుడు ప్రశ్నపత్రమును నిందించు మన పిల్లలు అతనియొద్ద దీనిని నేర్చుకొనవచ్చును.

నాయనా, ఇక నీతో కొంచెము మాటలాడవలెను. దానియేలును అతని ముగ్గురు స్నేహితులును పరదేశమునకు కొనిపోబడి, కల్దీయుల భాషను గ్రంథములను మూడు సంవత్సరములు నేర్చుకొనవలసివచ్చెను. వారు ఆ చదువును తిరస్కరింపలేదు; ఆ తెలివి దేవుడే ఇచ్చెనని మొదటి అధ్యాయము 17వ వచనములో నున్నది. రాజు భోజనమును మాత్రము వద్దనిరి. వారి పేర్లను ఇతరులు మార్చివేసిరి. అయితే ముసలితనములో తన దర్శనములు చెప్పునప్పుడు అతడు తన్ను దానియేలనియే చెప్పుకొనెను. హాస్టలులో నీ యాసను వెక్కిరించువారుందురు. నీదే కులమని అడిగి ముఖము త్రిప్పుకొనువారుందురు. అప్పుడు నీ పెంట పేరు దాచి వేరొక ఊరి పేరు చెప్పవలెనని నీకు తోచును. చెప్పవద్దు. ఇంగ్లీషు పాఠము మొదటి నెలలలో అర్థము కానియెడల సిగ్గుపడక అడుగుము. పొదచాటున గంటలకొలది కదలక కూర్చుండినవాడవు, ఒక పుస్తకము ఎదుట కూర్చుండలేవా?

నైపుణ్యమొక్కటే చాలునని మేము చెప్పము. విండ్లు పట్టిన ఎఫ్రాయీమీయులు యుద్ధదినమున వెనుకకు తిరిగిరని 78వ కీర్తనలో నున్నది. వారికి గురి లేక కాదు, మనస్సు నిలువక. ఆ కీర్తనయే, హోషేయ 7:16తోకూడ, దేవునియొద్దనుండి తొలగిన జనమును మోసపు వింటితో పోల్చినది. వంకరపోయిన విల్లు ఎంత లాగినను బాణమును ప్రక్కకే పంపునని నీ తాత నీకు చెప్పియేయుండును.

నీ తల్లితోకూడ ఒక మాట. అమ్మా, కుమారులు బలవంతుని చేతి బాణములని 127వ కీర్తన చెప్పుచున్నది. అంబులపొదిలో నున్న బాణము భద్రముగానే యుండును, నీవు వానిని అక్కడనే యుంచుకొనగోరుట న్యాయమే. నీవు ఏడ్చినయెడల విశ్వాసము లేనిదానవని ఎవరును అనకూడదు. హాగరు ఏడ్చెను, దేవుని దూత ఆమెను గద్దింపక, నీకేమి వచ్చెనని అడిగెను.

సంఘములోనివారు అతని ఎదుట అడవిని తక్కువచేసి మాటలాడుట మానవలెను. అతడు సెలవులకు వచ్చినప్పుడు “నీకు ఇక అక్కడ ఏమి పని?” అని అడుగవద్దు. వచ్చు సోమవారము మన్ననూరులో హైదరాబాదు బస్సు ఎక్కును. ముందటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత పెద్దలు అతనికొరకు ప్రార్థింతురు. తల్లియు తాతయు ముందువరుసలో కూర్చుండవలెనని కోరుచున్నాము. దుప్పటికిని పుస్తకములకును ఇయ్యదలచినవారు ఆ దినముననే కోశాధికారికి అందజేయవలెను.