పగ కూడా ఆస్తియేనా?



గడచిన వేసవిలో ఒక ఇంటిని ఆశీర్వదించడానికి వెళ్ళినప్పుడు, ఆ ఇంటి పిల్లవాడు ఒక బొమ్మల కథల పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అమెరికాలో ఉన్న వాళ్ళ మేనమామ పంపించాడట. ముఖాలకు గుడ్డలు కట్టుకొని, ఆయుధాలు పట్టుకొని ఉన్న నాలుగు తాబేళ్ళ కథ అది. "ఫాదర్, ఇందులో ఎలుక మంచిదా, చెడ్డదా?" అని అడిగాడు. కాఫీ తాగుతూ పేజీలు తిప్పాను. జవాబు తోచక పుస్తకం అడిగి తీసుకొని వచ్చాను.

టీవీలో మీ పిల్లలు చూసే 'నింజా టర్టిల్స్' ఇవే. అయితే టీవీ కథ వేరు, మొదటి పుస్తకం వేరు. 1984లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయర్డ్ అనే ఇద్దరు చిత్రకారులు ఏ పెద్ద కంపెనీ అండా లేకుండా, పన్ను వాపసు సొమ్ముకు బంధువు ఇచ్చిన అప్పు కలిపి, సుమారు 3,000 ప్రతులు నలుపు తెలుపులో అచ్చు వేయించారు. ఆనాటి వీరుల కథలను కొంత ఎగతాళి చేయడమే వారి ఉద్దేశం. ఎగతాళి పనిలో ఇంత బరువైన ప్రశ్న ఎలా దూరిందో!

కథ ఇది. జపానులో హమాటో యోషి అనే యోధుడు, తాను ప్రేమించిన స్త్రీని కొడుతున్న ఒరోకు నాగిని కోపం పట్టలేక చంపి, ఆమెతో న్యూయార్కు పారిపోతాడు. నాగి తమ్ముడు సాకి అప్పటికి చిన్నపిల్లవాడు. అతని ముఠా ఆ పిల్లవాడికి విద్యతోపాటు పగను కూడా నూరిపోసింది. అతడు పెద్దవాడై న్యూయార్కు వచ్చి యోషి దంపతులను చంపాడు. యోషి పెంచుకున్న ఎలుక, పంజరంలో నుండి యజమానిని చూసి యుద్ధవిద్య నేర్చుకున్నది, మురుగు కాలువ పాలైంది. అక్కడ ఒక రసాయనం సోకి ఆ ఎలుకా, నాలుగు తాబేలు పిల్లలూ మనుషులవలె ఎదిగాయి. ఎలుక వాటిని సొంత బిడ్డలవలె సాకింది. కాలువలో దొరికిన చిత్రకళా గ్రంథం చూసి లియొనార్డో, రాఫెల్, డొనాటెల్లో, మైకెలాంజెలో అని పేర్లు పెట్టింది. (సిస్టైన్ దేవాలయం పైకప్పుకు బొమ్మలు వేసిన మహానుభావుని పేరు! పేరు ఇచ్చి, కుంచె బదులు ఆయుధం ఇచ్చింది.) వారు యుక్తవయసుకు రాగానే అసలు సంగతి చెప్పింది. నా యజమానిని చంపినవానిని మీరు చంపాలి. వారు వెళ్ళారు, చంపారు.

ఇక్కడ కొంచెం ఆగండి. ముఠా సాకిని ఎలా పెంచిందో, ఎలుక తాబేళ్ళను అలాగే పెంచింది. తేడా ఒక్కటే, ఎలుకకు వారిమీద నిజమైన ప్రేమ ఉంది. నన్ను ఇబ్బంది పెట్టినది ఆ ప్రేమే.

హంతకుని శిక్షించవద్దా అని మీరు అడుగుతారు. సెమినరీలో మేము చదువుకున్న పునీత తోమాసు అక్వీనాసువారు ప్రతీకారమంతా పాపమని అనలేదు. దోషి మారడం, ఇతరులకు కీడు తప్పడం, న్యాయం నిలవడం గురి అయితే శిక్ష ధర్మమే. ఎదుటివాని కీడు దగ్గరే మనసు ఆగిపోతే అది అధర్మం. ఇప్పుడు ఆ నలుగురిని చూడండి. వారు యోషి ముఖం ఎరుగరు. వారికి తగిలిన గాయమంటూ లేదు. కోపమైనా వారి సొంతం కాదు, అరువు కోపం.

నాకు ఏడేళ్ళప్పుడు గట్టు తగాదాలో మా నాన్నగారికీ పెదనాన్నగారికీ మాటలు పోయాయి. వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగవద్దని నాకు ఆజ్ఞ. పెదనాన్న కొడుకు బడిలో నా పక్కనే కూర్చునేవాడు. వాడు నాకు చేసిన తప్పు ఒక్కటీ లేదు. అయినా ఒకనాడు వాడి పలక కావాలనే పగులగొట్టాను. ఇంటికి వచ్చి చెబితే నాన్నగారు తిట్టలేదు. ఆ పూట నా కంచంలో ఇంకొక చేప ముక్క పడింది. మా నాన్నగారు చెడ్డవారు కారు. నేను గురువునయ్యేందుకు పొలం కౌలుకిచ్చి చదివించినవారు. కాని ఆ చేప ముక్క రుచి నాకు ఈనాటికీ గుర్తే, పలక విరిగిన చప్పుడు కూడా.

మొదటి పుస్తకంతో పగ తీరిందా అంటే, లేదు. తరువాత వచ్చిన సంచికలలో సాకి తన మనుషులతో మళ్ళీ వస్తాడు. తాబేళ్ళకు ఆశ్రయమిచ్చిన ఏప్రిల్ అనే అమ్మాయి దుకాణం కాలిపోతుంది. అందరూ ఊరు విడిచి పల్లెకు పారిపోతారు. 1987లో మొదలైన టీవీ కార్టూన్‌లో యోషియే ఎలుకగా మారతాడు, శత్రువు ప్రతిసారీ తప్పించుకుంటాడు. చిక్కు విప్పలేదు, పక్కకు నెట్టారు.

మరుసటి ఆదివారం పూజ తరువాత పుస్తకం తిరిగి ఇస్తూ, "ఎలుక మంచిదే. అయితే పిల్లలను అడగరాని పని అడిగింది" అన్నాను. వాడు కాసేపు ఆలోచించాడు. "నువ్వయితే చేయనని అంటావా?" అని అడిగాను.

వాడు వెనక్కి తిరిగి వాళ్ళ నాన్న వైపు చూశాడు. "నాన్న అడిగితే ఎలా కాదంటాను ఫాదర్?" అన్నాడు.