ఎవరి బిడ్డవని అడగని లోకం

కొత్త ఫాంటసీ సిరీస్ మొదలుపెట్టే ముందు నేను చాలా తటపటాయిస్తాను. ఒక్క నవలైతే నచ్చకపోయినా పక్కన పెట్టేస్తాం. ఐదారు భాగాల సిరీస్ సంగతి వేరు. నెలల తరబడి ఆ లోకంలోనే మసలాలి. అక్కడి రాజుల పేర్లు, దేవుళ్ల పేర్లు, దీవుల పేర్లు నోటికి రావాలి. ఎవరో పుట్టించిన కట్టుబాట్లకు తలొగ్గాలి, ఎన్నడూ పుట్టని మనుషుల చావుకు ఏడవాలి. పొద్దున బడికి పోయి సోషల్ పాఠం చెప్పి, రాత్రి వంటిల్లు సర్దుకున్నాక మిగిలే కాస్త సమయం వాళ్లకివ్వాలి. అంత చోటు ఎవరికిస్తున్నాను, ఎందుకిస్తున్నాను అని ఈసారి నన్ను నేనే నిలదీసుకున్నాను.

మా ఊరు పాపన్నపేటలో ఇట్లాంటి పుస్తకాలను చేత్తో తిరగేసి కొనే వీలు లేదు. ఫోన్‌లో మొదటి అధ్యాయం ఉచితంగా చదవనిస్తారు, నాకు తిరగేసి చూడడమంటే అదే. ఆ కొన్ని పేజీల్లో నా కన్ను ఎక్కడికి పోతున్నదో గమనించాను. మాంత్రికుడి మీదికి పోదు, యుద్ధం మీదికి పోదు. ఈ ఊరికి నీళ్లెక్కడివి? పొలం ఎవరిది, దున్నేదెవరు? గింజలు ఎవరు కొలుచుకుపోతారు? పేజీలు గడుస్తున్నా ఎవరూ అన్నం తినకపోతే, ఎవరూ పశువును కట్టేయకపోతే, ఎంత పెద్ద కోట కట్టి చూపించినా ఆ లోకం మీద నాకు గురి కుదరదు.

ఈ చూపు నాకు ఈ ఊరు నేర్పింది. నిజాం కాలంలో, 1905 ప్రాంతంలో మంజీర మీద ఘనపురం ఆనకట్ట కట్టారు. దాని నుంచి రెండు కాలువలు: మహబూబ్‌నహర్, ఫతేనహర్. మా వైపు వచ్చేది ఫతేనహర్. మొత్తం ఆయకట్టు కాగితాల మీద 21,625 ఎకరాలు. ఎగువన సింగూరు ప్రాజెక్టు వచ్చాక ఆనకట్టకు నీళ్లు చేరాలంటే అక్కడ గేట్లు ఎత్తాలి. యాసంగికి నారు పోసుకున్నవాళ్లు సింగూరు వంకే చూస్తూ కూర్చుంటారు. నీళ్లు వదిలారట అన్న మాట వచ్చిన రోజు కిరాణా కొట్టు దగ్గర గొంతులే మారిపోతాయి. కాలువ చివరి మడికి తడి అందేసరికి ఎన్ని తగవులు, ఎన్ని రాత్రుల జాగారాలు! ఇక్కడి చిన్నపిల్లలకు కూడా అది తెలుసు. ఇట్లాంటి చోట బతికిన మనిషికి, నీళ్ల ఊసే లేని రాజ్యం ఎంత అందంగా ఉన్నా అట్టబొమ్మలాగే కనిపిస్తుంది.

టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నాకు పట్టుబడింది అందుకే. ఆయన భాషలకు భాషలే సృష్టించాడని, వేల ఏళ్ల చరిత్ర రాసిపెట్టుకున్నాడని అందరూ చెబుతారు, నిజమే. నాకు మాత్రం మనసులో నిలిచిపోయినవాడు తోటమాలి శామ్. ఇంటి నుంచి వంటపాత్రలు మోసుకుంటూ శత్రురాజ్యం దాకా నడుస్తాడు. అక్కడ ఇక అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో, బరువు దించుకోవడానికి ఆ గిన్నెల్ని ఒక అగాధంలోకి పారేస్తాడు. అవి పడుతూ చేసిన చప్పుడు అతని గుండెకు తగులుతుంది. రాజ్యాలు కూలే కథలో అంత పెద్ద రచయిత గిన్నెల కోసం ఒక్క క్షణం ఆగాడు. మళ్లీ వంట చేసుకుని తినే రోజు రాదని ఆ మనిషికి అర్థమైన క్షణమది. రోజూ ఆ గిన్నెలే తోమే నాకు ఆ పేజీ దాటి ముందుకు పోవడం కష్టమైంది.

నా ఇష్టాల్లో ఇంకొకటి ఉంది, దాన్ని ఒప్పుకోవడం అంత తేలిక కాలేదు. మాయకు గట్టి లెక్క ఉన్న లోకాలంటే నాకు ఆకర్షణ. బ్రాండన్ శాండర్సన్ 'మిస్ట్‌బార్న్' మొదటి భాగం 2006లో వచ్చింది. ఆకాశం నుంచి బూడిద రాలే సామ్రాజ్యం అది. లోహాన్ని మింగి లోపల మండించుకోగలిగినవాళ్లకు శక్తి వస్తుంది. ఇనుముకు ఒక పని, ఉక్కుకు ఒక పని, తగరానికి మరొకటి. లోహం అయిపోతే శక్తీ అయిపోతుంది. చదువుతున్నంతసేపూ నాకు ఎంతో హాయిగా ఉండింది. ఎందుకంత హాయి అని తవ్వి చూస్తే అడుగున కనిపించింది నా అలసట. అక్కడ చేసిన పనికి రావాల్సింది వచ్చి తీరుతుంది. ఎవరి చేతనో చెప్పించుకోనక్కర్లేదు, ఏ ఆఫీసు ముందూ నిలబడనక్కర్లేదు, గేటు ఎప్పుడెత్తుతారో అని ఎదురుచూడనక్కర్లేదు. అట్లాంటి లోకాన్ని వెతుక్కోవడం తప్పని నేననుకోను. కానీ నేను కథ కోసం పోతున్నానా, న్యాయం కోసం పోతున్నానా అన్నది నాకు తెలిసి ఉండాలి. న్యాయం కోసం పోయినప్పుడు ఎంత పేలవమైన పుస్తకమైనా నాకు బాగానే కనిపిస్తుంది.

పూర్తికాని సిరీస్‌లంటే భయం కూడా ఉంది. జార్జ్ మార్టిన్ సిరీస్‌లో ఐదో భాగం 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. పాట్రిక్ రాత్‌ఫస్ రెండో భాగమూ 2011లోనే వచ్చింది, మూడోదాని కోసం ఇంకా కాచుక్కూర్చున్నవాళ్లున్నారు. రాబర్ట్ జోర్డన్ 'వీల్ ఆఫ్ టైమ్'ని 1990లో మొదలుపెట్టి 2007లో కన్నుమూస్తే, చివరి మూడు సంపుటాలను శాండర్సన్ పూర్తి చేశాడు. చందమామ సీరియల్‌కు నెలనెలా ఎదురుచూడడంలో తీపి చూసిన మనిషిని, ఇప్పుడెందుకు ముగిసిన కథే కావాలంటున్నాను? రచయిత వయసు చూస్తున్నాననుకున్నాను. నిజానికి నా వయసే లెక్క వేసుకుంటున్నాను. చిన్నప్పుడు తరువాయి భాగం వస్తుందన్న నమ్మకం ఉండేది, అది చదవడానికి నేనుంటానా అన్న ఆలోచనే ఉండేది కాదు.

వీటన్నిటికంటే నన్ను లోపల పీడించే ప్రశ్న వేరు. కళ్లముందే ఇంత కథ ఉన్న నేలను వదిలి, సముద్రాల అవతల ఎవరో గీసిన పటంలోకి ఎందుకు పోతున్నాను?

మా మండలంలోనే నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర ఏడుపాయలుగా చీలి మళ్లీ ఒక్కటవుతుంది. ఆ పాయల నడుమ రాళ్ల చెంత వనదుర్గమ్మ కొలువు. జనమేజయుడు సర్పయాగం చేసింది ఇక్కడేనని పెద్దలు చెబుతారు. మహాశివరాత్రికి జాతర, బోనాలు, బండ్లు, రథోత్సవం. వానలు దంచికొట్టి సింగూరు గేట్లు ఎత్తితే ఏరు గుడిని ముంచుకుంటూ పారుతుంది. అప్పుడు గర్భగుడికి దర్శనాలు ఆపేసి, ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంలో నిలిపి పూజలు చేస్తారు. వరద తీశాక బురద కడిగి, కొట్టుకొచ్చిన చెత్త ఎత్తి, మళ్లీ అమ్మవారి తలుపు తీస్తారు. ఏటి నీళ్లతో ఇట్లా సర్దుకుపోయే దేవతను ఏ ఫాంటసీలోనూ నేను చూడలేదు.

ఇంకా ముందుకు పోతే రాణీ శంకరమ్మ. 18వ శతాబ్దంలో పాపన్నపేట సంస్థానాన్ని ఏలిన ఆడమనిషి. గుర్రమెక్కి యుద్ధం చేసిందని, నిజాం ఆమెకు రాయబాగన్ అన్న బిరుదు ఇచ్చాడని చెబుతారు. మెదక్ బస్టాండులో నిలబడితే బోర్డుల మీద శంకరంపేట, సదాశివపేట, సంగారెడ్డి అన్న పేర్లు కనిపిస్తాయి. ఆ ఊళ్ల పేర్లన్నీ ఆమె ఇంటినుంచి వచ్చినవేనంటారు. కల్పిత లోకానికి పటం గీసేవాళ్లు నదికో పేరు, కోటకో పేరు పెట్టడానికి తలలు పట్టుకుంటారు. ఇక్కడ టికెట్ కొనుక్కుని పేర్ల మధ్యే ప్రయాణం చేస్తున్నాం.

అయినా బయటికే పోతున్నాను. కారణం నాకు మెల్లగా అర్థమైంది. మా ఊరి కథల్లోకి నేను ఒట్టి మనిషిగా పోలేను. గుమ్మంలోనే ఆపుతారు. ఎవరి బిడ్డవు? ఎవరి కోడలివి? మీరేమిటోళ్లు? రాణి గురించి నోరు తెరిస్తే, ఆమె పక్షాన చెబుతున్నావా, దొరల పక్షాన చెబుతున్నావా, పొలాల్లో చాకిరీ చేసినవాళ్ల పక్షాన చెబుతున్నావా అని చూస్తారు. అడగాల్సిన ప్రశ్నే అది, అడగకపోతే చరిత్ర మళ్లీ దొరలదే అవుతుంది. కాకపోతే రోజంతా ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ బతికే మనిషికి, రాత్రిపూట ఆ ప్రశ్న లేని నేల ఒకటి కావాలనిపిస్తుంది. దాన్ని పారిపోవడం అంటారా? అనండి. ఇంటిపేరు విడిచి నాలుగడుగులు నడవగలిగే చోటు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఆ చోటును మొదట చూపించింది తెలుగే. టోల్కీన్ నవల మొదటి భాగం ఇంగ్లండులో అచ్చయిన 1954లోనే చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' సీరియల్ వచ్చింది. కుండలినీ ద్వీపం సేనాని సమరసేనుడు, మాంత్రికులు ఏకాక్షి, చతుర్నేత్రుడు. ఎవరికీ ఇంటిపేరు లేదు. చిత్రా గీసిన ఆ బొమ్మల్లో గుడ్లగూబ కళ్లను చూసి భయపడిన పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు. ఆ తర్వాత కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, భల్లూక మాంత్రికుడు. దాసరి హేతువాది. మంత్రాన్ని నమ్మని మనిషి మాంత్రికుల కథలు రాశాడు కాబట్టే, ఆయన కథల్లో మంత్రం అధికారం మీది ఆశకు మరో రూపంగా కనిపిస్తుంది. ఆయనకంటే చాలా ముందే మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' 12 భాగాలు రాశారు. అందులో మణిసిద్ధుడనే యతి వెంట నడిచేది పశువులు కాచుకునే కుర్రాడు. మజిలీ మజిలీకి ఒక వింత చూసి కథ అడుగుతాడు. సిరీస్ అన్నది మనకు కొత్త కాదు.

మరి ఇప్పుడెక్కడ? చందమామ రావడం లేదు. 'బాహుబలి' వచ్చినప్పుడు మాహిష్మతి గురించి మా బడి పిల్లలు నెలల తరబడి మాట్లాడుకున్నారు. కాలకేయుల కోసం మదన్ కార్కి తయారుచేసిన కిలికి భాషలో ఒకళ్లనొకళ్లు బెదిరించుకున్నారు. ఆ ఆకలి చూస్తే నాకు ముచ్చటేసింది, దిగులూ వేసింది. ఆ సినిమాకు ముందుకథగా వచ్చిన నవలలు సైతం ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషులో రాసినవే. ఇంకా చదవాలనిపించిన పిల్లకు తెలుగులో తీసి ఇవ్వడానికి దాసరి పాత సంపుటాలు తప్ప నా చేతిలో ఏమీ లేవు. ఈ లోటు నా సొంత ఎంపికలోనూ ఉంది. నేనూ ఇంగ్లీషు వైపే చూస్తున్నాను.

ఈసారి ఎంచుకున్నది ఉర్సులా లెగ్విన్ 'ఎర్త్‌సీ'. 1968లో మొదలై 2001లో ముగిసింది, ఆరు పుస్తకాలు. అన్నీ పూర్తయ్యాయి. ఆమె 2018లో వెళ్లిపోయారు. అంతటా సముద్రం, అందులో దీవులు. గెడ్ అనే మేకలు కాచుకునే పిల్లవాడు, కంచరివాడి కొడుకు, రాగి రంగు ఒంటివాడు. అక్కడ మనిషి అసలు పేరు తెలిస్తే అతని మీద పట్టు దొరుకుతుంది, అందుకే అసలు పేరు అడగడం మర్యాద కాదు. అది చదవగానే నా ఎంపిక సగం అయిపోయింది.

మిగతా సగానికి కారణం నాలుగో పుస్తకం 'తెహాను'. మొదటి మూడింటిలో మంత్రవిద్య నేర్చుకునే పెద్దబడి మగపిల్లలది. ఆడవాళ్ల మంత్రాన్ని తక్కువగా చూసే లోకం అది. మూడో పుస్తకం 1972లో వచ్చింది. పద్దెనిమిదేళ్లకు, 1990లో, ఆవిడ మళ్లీ అక్కడికి పోయి, తాను కట్టిన లోకంలో ఎవరికి చోటివ్వలేదో చూసుకున్నారు. ఈసారి కథ నడిపేది తెనార్, నడివయసు విధవరాలు, పొలం చూసుకునే ఇల్లాలు. ఆమె పెంచుకునే పిల్లను సొంతవాళ్లే నిప్పుల్లో పడేశారు. గొప్ప మాంత్రికుడు గెడ్ శక్తంతా పోగొట్టుకుని ఆమె దగ్గరికి వస్తాడు. గిన్నెలు, మేకలు, కాలిన గాయం, భయం, వీటి మధ్యే కథంతా జరుగుతుంది. తాను సృష్టించిన లోకాన్ని తానే ప్రశ్నించుకునే ధైర్యం ఉన్న రచయితకు నా రాత్రులు ఇవ్వడానికి నాకు సంకోచం లేదు.

తెలుగులో ఇట్లాంటి సిరీస్ రాస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు నా మనవి. మీ లోకంలో ఒక కాలువ తవ్వండి, చివరి మడికి నీళ్లు ఎట్లా చేరతాయో చెప్పండి, గుమ్మంలో నిలబడినవాళ్లను ఎవరి బిడ్డవని అడక్కండి. మొదటి భాగం ధైర్యంగా వేయండి. రెండో భాగం ఎప్పటికి వస్తుందని అడగకుండా కొనుక్కుంటాను, నా బడి పిల్లల చేతిలోనూ పెడతాను.