ఓడించినవాళ్లూ మనవాళ్లే

కందుకూరు



"నన్ను అందరూ మామూలుగా ఎప్పుడు చూస్తారు తాతా?" అని రాశావు. బరాత్‌లో నీ ఈడు పిల్లలంతా ఎగురుతుంటే నిన్ను పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారట. ఎత్తు మడమ బూటు కనపడకుండా లంగా కిందికి లాక్కుంటూ కూర్చున్నావట. చదివి మనసు కలుక్కుమంది. నీది పుట్టుకతో కురచైన కాలు, నాది పోలియో పట్టిన కాలు. జబ్బులు వేరైనా ఆ కుర్చీ సంగతి నాకు బాగా తెలుసు. దాన్ని వేసినవాళ్లకు నీ మీద ప్రేమ లేక కాదు. కాకపోతే జాలిపడేవాళ్లు నిన్ను దేనికీ రమ్మనరు.

నువ్వు అడిగినదానికి ఒకాయన సంగతి చెబుతాను. మన ఊరి మీదుగా పోయే శ్రీశైలం రోడ్డున ఆమనగల్లు దాకా వెళ్లి పక్కకు తిరిగితే మాడ్గుల వస్తుంది. జైపాల్ రెడ్డి గారి ఊరు. 1942లో పుట్టిన ఆయనకు ఏడాదిన్నర వయసులో పోలియో సోకింది. సంక కర్రలతోనే ఉస్మానియాలో చదివి విద్యార్థి నాయకుడయ్యారు. 1969లో కల్వకుర్తి ఎమ్మెల్యేగా గెలిచారు. ఆ తర్వాత ఎంపీ, కేంద్రమంత్రి. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం వచ్చింది. 2009లో చేవెళ్ల నుంచి లోక్‌సభకు వెళ్లినప్పుడు ఆ ఓట్లలో మన కందుకూరు ఓట్లూ ఉన్నాయి.

ఆయన గెలుపుల గురించి నీకు చాలామంది చెబుతారు. నేను మాత్రం ఒక ఓటమి గురించి చెప్పాలనుకుంటున్నాను. ఎమర్జెన్సీ నచ్చక కాంగ్రెస్ వదిలిన మనిషి, 1980లో మెదక్‌లో ఏకంగా ఇందిరాగాంధీ మీదే పోటీకి దిగారు. ఓడిపోయారు. పాపం కర్రల మీద నడిచే మనిషి కదా అని మెదక్ జనం ఆయనకు ఓటు వేయలేదు. తమకు నచ్చినవాళ్లకు వేసుకున్నారు. మిగతా అభ్యర్థులను ఎట్లా తూచారో ఆయననూ అట్లాగే తూచారు. నువ్వు అడిగిన 'మామూలుగా చూడటం' అదే బిడ్డా. నాకు ఆయన పురస్కారాలకంటే ఆ ఓటమే గొప్పగా కనిపిస్తుంది.

ఆయనలాగా మంత్రివి కావాలని నీ మీద బరువు పెట్టను. ఆయనది కలిగిన కుటుంబం, చదివించే స్తోమత ఉంది. అంత తెలివీ ఉండి, బడిదాకా తీసుకుపోయే దిక్కులేక అరుగు మీదే ఆగిపోయిన పిల్లలను నేను చూశాను. వాళ్లది చేతగానితనం కాదు.

నన్ను మామూలుగా చూసింది మా అమ్మే. ఆమె చదువుకోలేదు. కల్లంలో వడ్లు తూర్పార పడుతుంటే నన్ను చెట్టుకింద కూర్చోబెట్టి, దబ్బనం, పురికొస చేతికిచ్చి, నిండిన గోనెల మూతులు కుట్టమనేది. కుట్టు వదులైతే కూలోళ్లందరి ముందే విప్పించి మళ్లీ కుట్టించేది. "పిల్లగాణ్ణి పట్టుకొని గట్లంటవేందే" అని నాయనమ్మ కోప్పడ్డా వినేది కాదు. వేళ్లు బొబ్బలెక్కి ఏడ్చాను. కానీ పొద్దు గూకి అందరూ కూలి లెక్క చూసుకునేటప్పుడు, వాడు కుట్టిన సంచులెన్ని అని నా పేరూ లెక్కలోకి వచ్చేది. ఇంట్లో నేనొక మనిషినని నాకు మొదట తెలిసింది అక్కడే.

అందుకే ఈసారి కుర్చీ వేస్తే కూర్చోకు. వంటల దగ్గరికి పోయి ఉల్లిగడ్డలు కోస్తానను, చదివింపులు రాస్తానను, ఎగరాలనిపిస్తే నీకు చేతనైనట్టు ఎగురు. చూసేవాళ్లు చూస్తారు, కాసేపటికి వాళ్ల పనిలో వాళ్లు పడతారు. బూటు దాచడానికి పెట్టే ధ్యాస చాలా పెద్ద ఖర్చు బిడ్డా. నేను ఏళ్ల తరబడి పెట్టాను, ఒక్క పైసా తిరిగి రాలేదు.

కాలు నీది, దాన్ని ఒప్పుకో. మీ కాలేజీ మెట్లను మాత్రం ఒప్పుకోవాల్సిన పనిలేదు. రెండో అంతస్తులో క్లాసు ఉందని రోజూ ముందుగా పోయి, రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతున్నానని, ఎవరితోనూ అనలేదని రాశావు. ఎందుకు అనలేదు? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న విద్యాసంస్థలు తమ భవనాలను మనం వాడుకునేలా ఉంచాలి, మన అవసరానికి తగిన ఏర్పాటు చేయాలి. నీ క్లాసును కింది గదిలోకి మార్చడం అట్లాంటి ఏర్పాటే. అడగడానికి సిగ్గెందుకు? లైబ్రరీలో పుస్తకం అడిగేటప్పుడు సిగ్గుపడతావా?

ప్రిన్సిపాల్ గారికి దరఖాస్తు రాయి. ఒక్క పేజీ చాలు. బతిమాలే మాటలు వద్దు, కష్టాల కథ వద్దు. ఏ క్లాసు, ఇప్పుడు ఏ గదిలో ఉంది, ఏ గది కావాలి, అంతే. సంచి అడుగున దాచిన సదరం వైకల్య సర్టిఫికెట్ తీసి, దాని జిరాక్స్ జత చెయ్. రెండు కాపీలు తీసుకుపోయి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని నీ దగ్గర ఉంచుకో. సంతకం నువ్వే పెట్టు, మీ నాయినతో పెట్టించకు. చిత్తుప్రతి ముందు నాకు పంపు. తప్పులుంటే ఎర్ర సిరాతో కొట్టి పంపుతాను, మళ్లీ రాద్దువు.

నీ
చిన్నతాత